పరామర్శకు మూసిన గేటు

గుండెజబ్బు అంటే రక్తనాళం మూసుకుపోవడమేనని నర్సీపట్నంలో చదువుకున్నవారు కూడా నమ్ముతారు. దుఃఖం వల్ల గుండె కండరమే బలహీనపడవచ్చునని నా భార్య విషయంలో నేను చూశాను. అటువంటి నొప్పిని గ్యాస్ అనుకొని సోడా తాగించి ఊరుకునేవారు ఇంకా ఉన్నారు. అందుచేత ఇది రాయక తప్పదు.

రెండువేల దశకం చివర్లో ఆమె తమ్ముడు గొలుగొండలో చెరకుతోటలో పాము కరిచి మరణించాడు. సమాధి దగ్గర పాస్టరుగారి ప్రార్థన ముగియకముందే ఆమె రొమ్ము పట్టుకొని కూలబడింది. విశాఖపట్నం తీసుకువెళ్లాము. యాంజియోగ్రామ్‌లో ఎక్కడా అడ్డు కనిపించలేదు.

డాక్టరుగారు గుండె బొమ్మ గీసి చూపించారు. "మనసుకు తగిలిన దెబ్బకు ఎడమ గది కొస ఉబ్బిపోయిందండి. సరిగా ముడుచుకోవడం లేదు. చాలామందికి కొన్ని వారాల్లో కుదుటపడుతుంది. ఈలోగా ప్రమాదం లేదని మాత్రం చెప్పలేను. ఆవిడ మనసు కష్టపెట్టకండి."

మాత్రలకు వేళలున్నాయి, ఇంటికి వచ్చాక తప్పకుండా వేయించాను. మనసు కష్టపడకుండా చూడడానికి వేళ ఏది, మోతాదు ఏది?

మావైపు పరామర్శకు వచ్చినవారు గుమ్మంలోనే శోకం ఎత్తుకుంటారు. పోయినవారి సంగతి మొదటినుంచి చెప్పించుకుంటారు. వచ్చిన ప్రతివారి కోసమూ ఆమె మళ్లీ ఆ తోటలోకి వెళ్లి రావలసివచ్చేది. చెబుతున్నంతసేపూ ఆమె పెదవులు పాలిపోయేవి. నేను గేటుకు తాళం వేశాను.

రోలుగుంట నుంచి ఆమె పిన్ని వచ్చి గేటు పట్టుకొని ఊపింది.

"తాళమేటి అల్లుడుగారూ? ఇదేటి, జైలా?"

"డాక్టరుగారు వద్దన్నారండీ. ఏడిస్తే ఆమె గుండెకు మంచిది కాదు."

"ఏడవకపోతే మంచిదని సెప్పేరా మీ డాట్రు? అదీ అడిగొచ్చేరా?"

అడగలేదు. అటువంటి ప్రశ్న ఒకటి ఉంటుందని నాకు తోచలేదు.

ఇంతలో లోపలి గదినుంచి నా భార్య గొంతు వినిపించింది. "ఏటండీ, ఎవలూ రావట్లేదేటి? నా తమ్ముడు సచ్చిపోతే నన్ను సూడ్డానికి ఒక్కలూ లేరా?"

మనుషులు వస్తే గుండె ఆగుతుందేమోనని నేను భయపడుతున్నాను. రాకపోతే ఆమె అనాథననుకుంటున్నది. ఏది తక్కువ అపాయమో చెప్పే పుస్తకం నా దగ్గర లేదు.

తాళం తీశాను. పిన్ని, "బేగి తియ్యొచ్చు కదా," అని విసుక్కుంటూ లోపలికి వెళ్లింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని ఏడ్చారు. నేను మంచం పక్కన నిలబడి, నా భార్య ఛాతీ ఎగసిపడడం చూస్తూ ఉండిపోయాను. ఆపమనలేను, కానివ్వమనీ అనలేను.

తర్వాతి పరీక్షలో గుండె కదలిక మెరుగైంది. మాత్రల వల్లనా, ఏడుపు వల్లనా, లేక ఆ రెండూ లేకపోయినా మెరుగయ్యేదేనా అని అడిగాను. చెప్పలేనన్నారు డాక్టరుగారు.

వైద్యం నా విద్య కాదు. గుండె గురించి నేను తప్పుగా రాసినది ఏదైనా ఉంటే, తెలిసినవారు మొహమాటపడకుండా దిద్దవలసిందిగా కోరుతున్నాను. ఆ తాళం విషయంలో కూడా.