గరుకు కోక

టెక్కలిలో దిక్కులేని ఆడవాళ్ళ కోసం కొందరు పెద్దలు కలిసి ఒక పెంకుటింట్లో శరణాలయం నడిపేవారు. పగలు బళ్ళో పాఠాలు చెప్పి, మిగతా వేళల్లో దాన్ని చూసుకునే పని నాది. నేనూ వితంతువునే, నా గదీ భోజనమూ అక్కడే. అప్పటికి నాకు పాతికేళ్ళు. ఆ వయసులో అందరికీ అన్నీ తెలుసు కదా, నాకు ఇంకాస్త ఎక్కువే తెలుసు.

చేరిన వారానికే ఒక నియమం పెట్టాను. ఇక్కడ నీది నాది అన్న మాట వినబడకూడదు! ఎనిమిదిమంది ముసలమ్మలు తెచ్చుకున్న తెల్లచీరలన్నీ ఒకే బీరువాలో పెట్టించి, తాళం నా బొడ్డున దోపుకున్నాను. చాకలామె ఉతికి తెచ్చాక పైన ఏదుంటే అది తీసి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ చేతిలో పెట్టేదాన్ని. సమానత్వమంటే అదేనని నా గట్టి నమ్మకం.

ఏడుగురు గొణుక్కుని ఊరుకున్నారు. ఉద్దానం నుంచి వచ్చిన ముసలమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆమెకి, తను వడికిన నూలుతో మందసలో నేయించుకున్న కోక ఒకటుంది. దారం ఒకచోట లావు, ఒకచోట సన్నం. పట్టుకుంటే గరుకుగా తగిలేది. చూపు ఆనని ఆ మనిషి దాన్ని తడిమే గుర్తుపట్టేది.

"నాకా కోకే కావాల పంతులమ్మా" అంది.

"ఇక్కడ అన్నీ అందరివే" అన్నాను.

"మా తోటలో ఏ కొబ్బరిసెట్టు ఏ అన్నదమ్ముడిదో సంటిపిల్లలకీ ఎరికే. ఒక్క కోక నాదంటే నీకేటి నొప్పి?"

నేను వినిపించుకోలేదు.

మర్నాటి నుంచి ముసలమ్మ, ఆ కోక ఎవరి వంతుకు వస్తే వాళ్ళ వెనకే తిరగడం మొదలుపెట్టింది. వంటింట్లోకి పోతే వంటింట్లోకి, నూతి దగ్గరికి పోతే నూతి దగ్గరికి, కొంగు చివర రెండు వేళ్ళతో పట్టుకుని. "ఓలప్పా, మెల్లిగా కూకో, నా కోక సిరిగిపోతాది" అని జాగ్రత్తలు కూడా. ఆ వారం కట్టుకున్నావిడ నా దగ్గరికొచ్చి లబోదిబోమంది. "కోక నాను కట్టుకుంటే తోకలాగ ఈ అప్పొకర్తి! ఎలాగ సచ్చేదమ్మా?"

నాకు నవ్వొచ్చింది. పంతమూ వచ్చింది. రెండు వారాలు బిగుసుకుని కూర్చున్నాను.

ఒక ఆదివారం, మర్నాడు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని, నా మొదటి జీతంతో కొనుక్కున్న మంచి తెల్లచీర కోసం వెతికాను. పెట్టెలో లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఉతకడానికి దాన్నీ అందరి మూటలోనే వేశానని. చూసుకోకుండా నా చేత్తో నేనే ఎవరికో ఇచ్చేసి ఉంటాను. పెరటి అరుగు మీదికి వచ్చి చూద్దును కదా, నా చీర కట్టుకుని ఉద్దానం ముసలమ్మ పనసకాయ కోస్తోంది! ఒళ్ళంతా జిగురు.

"అయ్యయ్యో, అది నా చీర!" అని వీధిలోకి వినబడేలా అరిచాను.

ఎనిమిదిమందీ నా వంక చూశారు. ముసలమ్మ కత్తి పక్కన పెట్టి తాపీగా అంది: "నీదెలాగవుతాది పంతులమ్మా? అన్నీ అందరివే గదా."

సిగ్గుతో నా తల వాలిపోయింది. లోపలికి పోయి, బీరువాలోంచి గరుకు కోక తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాను. "ఇది మీదే. ఇంక ఎవరికీ ఇవ్వను" అన్నాను.

ఆమె కోకంతా ఆ చివర నుంచి ఈ చివరకు తడిమింది. అంచు దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఇక్కడ సిరిగింది. ఎవులు కుట్టేరు?"

"నానే అప్పా" అంది, తోక అని గోలపెట్టిన ఆవిడ బిక్కుబిక్కుమంటూ.

"బాగా కుట్టినావే" అని మెచ్చుకుని, కోక మడతపెట్టి ఆవిడ ఒళ్ళోనే పెట్టింది. "రేపు సోమారం రావివలస మల్లన్న కాడికి పోతన్నావు గదా. ఇది కట్టుకెళ్ళు."

నాకు ఒళ్ళు మండింది. "ఇంత గోల చేసి, మళ్ళీ ఆవిడకే ఇచ్చేస్తున్నారేం?" అన్నాను.

"ఇన్నాళ్ళూ నువ్విచ్చేవు పంతులమ్మా" అంది, పనసకాయ మళ్ళీ ముందుకు లాక్కుంటూ. "ఇప్పుడు నానిత్తన్నాను."