బాపు చెప్పిన సవాయి ఎక్కం

పిల్లల పక్కన తల్లిదండ్రులు కూర్చుంటే చదువు దానంతట అదే వస్తుందని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నా పక్కన మా బాపు ఏడాది పొడుగునా కూర్చున్నాడు.

ఆయన నిజాం జమానాలో ఉర్దూలో నాలుగో జమాత్ చదివాడు. బోధన్ పక్కన మాకున్న చెరుకు తోట కన్నా ఆ నాలుగు జమాత్‌లే ఆయనకు ఎక్కువ గొప్ప. నేను ఏడో తరగతికి వచ్చాక, పాసైతే బోధన్ హైస్కూలుకు పంపిస్తానని, తప్పితే కలుపు తీయాల్సిందేనని చెప్పాడు. అంతటితో ఊరుకోక లెక్కలు తనే చెప్పడం మొదలుపెట్టాడు.

పొద్దుగూకే వేళకు తోట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. "దో సవాయి?" అంటే నేను "ఢాయి" అనాలి. "తీన్ సవాయి?" అంటే "పౌనే చార్". ఒకటింబావు ఎక్కం అది: రెండు ఒకటింబావులు రెండున్నర, మూడైతే పావు తక్కువ నాలుగు. తప్పితే చెవి మెలిపెట్టేవాడు. తప్పకపోతే చెరుకు గడ నరికి ఒక ముక్క ఇచ్చేవాడు. మా ఇంట్లో మగవాళ్ళు ఆడపిల్లలతో మాట్లాడేది తక్కువ. అన్నం పెట్టు, నీళ్ళు తే, అంతే. ఆ గంట మాత్రం బాపు నావాడు.

బడిలో అప్పటికే కిలోలు, గ్రాములు వచ్చాయి. కిలోకు వెయ్యి గ్రాములని నేనంటే బాపు నవ్వేవాడు.

"గీ కిలోలు నాల్గొద్దులుంటయ్. సేరుకు ఎనబై తులాలు, గది యాదికుంచుకో."

ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నా నోటుబుక్కు చూసి లెక్కల సారు తల పట్టుకున్నాడు.

"మీ బాపు మంచికే చెప్తుండు గని, బంద్ చెయ్యమను. లేకుంటే ఫేలైతవ్."

ఆ మాట చెప్పేద్దామని ఇల్లు చేరేదాకా అనుకుంటూనే ఉన్నాను. బాపు అరుగు ఊడ్చుకుని నా కోసం కూర్చుని ఉన్నాడు. చెబితే ఆ గంట పోతుంది. చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు.

పరీక్షలో గ్రాములు అడిగిన ప్రతి లెక్కకూ బాపు నేర్పిన అలవాటు కొద్దీ ఎనభై వేసి గుణించాను. మిగతా అన్నిట్లో పాసై లెక్కల్లో తప్పాను.

బాపు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"తప్పు నాదే బిడ్డా. చెరుకు కొట్టే దినాలల్ల నిన్ను సరిగ్గ కూసోవెట్టలే. ఇంకింత చెప్తే పాసైతుంటివి," అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. కలుపు తీయడానికి పోతూ కూడా నేను సారు మాట దాచుకునే పోయాను.

ఆ వారమే చెల్లెను అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు. దానికి ఎనిమిదేళ్ళు. నేను పొయ్యి ముందు కూర్చుని వింటున్నాను.

"దో సవాయి?"

"ఢాయి," అంది చెల్లె. నా దగ్గర విని విని దానికెప్పుడో వచ్చేసింది.

బాపు చెరుకు గడ నరికిన చప్పుడు వినిపించింది.