తెలిసీ కల్లు అన్నాను

కొన్నేళ్లుగా ఒక మాటను మింగలేకా కక్కలేకా తిరుగుతున్నాను. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

కళ్యాణదుర్గం వైపు కోతలు కోయడంలో నాకు పేరుంది. వజ్రకరూరులో మేక నెమరేస్తుంటే నోట్లోంచి వజ్రం పడిందని చెప్పి, ఇద్దరు పెద్దమనుషులను మూడు రోజులు మేకల వెనక తిప్పాను. దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

కరోనాకు మందు షాపులు మూసిన రోజులవి. నా నేస్తం ఖాదర్ తలుపులకు పాలిష్ వేసేవాడు. లక్క కరిగించే స్పిరిట్ క్యాను చూపించి అడిగాడు.

"ఏమప్పా, ఇదీ సారాయీ ఒకటే కదా?"

"ఒకటేలే. గుప్పెడు శెనక్కాయ విత్తనాలేసి నానబెట్టు. విషమంతా అవే పీల్చుకుంటాయి. మా నాయన జీవితమంతా అట్లనే తాగినాడు."

"నీవన్నీ కోతలే గదప్పా."

"కోతలైతే నువ్వు తాగొద్దు. నాకియ్యి."

ఇద్దరం నవ్వుకున్నాం. మా నాయన జన్మలో చుక్క ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం వాడి భార్య పిలిస్తే వెళ్లాను. వాడు గోడ తడుముకుంటున్నాడు, కళ్ల ముందంతా తెల్లగా ఉందంటున్నాడు. మంచం కింద గిన్నెలో ఉబ్బిన విత్తనాలు. ఆమె చూడకముందే వాటిని దిబ్బలో పారబోశాను.

ఆసుపత్రికి చేరేసరికి వాడికి స్పృహ లేదు. "ఏం తాగినాడు?" అని డాక్టరు నన్నే అడిగాడు. నా పేరు బయటికొస్తుందని, పోలీసులు వస్తారని భయం.

"కల్లు సార్" అన్నాను.

మర్నాడు తెలివొచ్చాక ఖాదరే స్పిరిట్ అని చెప్పాడు. డాక్టరు తల పట్టుకున్నాడు. కల్లులో ఉండే ఆల్కహాలే స్పిరిట్‌లోనూ ఉంటుందట. లక్క కరిగించడానికీ, చేతుల మీది క్రిములను చంపడానికీ పనికొస్తుందట. కానీ పాలిష్ స్పిరిట్‌ను ఎవరూ తాగకూడదని అందులో మిథనాల్ కలుపుతారు. వడగట్టినా, ఏం నానబెట్టినా అది పోదు. చూపును తినేస్తుంది. నిన్ననే తెలిసుంటే దానికి తగిన మందు వెంటనే మొదలుపెట్టేవాళ్లమన్నాడు.

చూపు నిలిచేదా? ఏమో. ఆ ఒక్క రోజును నేనే తిన్నాను.

తన తెలివితక్కువే కారణమని ఖాదర్ అందరికీ చెబుతాడు. నా పేరెత్తడు. మరిచిపోయాడా, దాస్తున్నాడా? నేను పక్కన కూర్చుని బీడీ వెలిగించి ఇచ్చిన ప్రతిసారీ, ఇప్పుడు అడుగుతాడేమో అనుకుంటాను. గుడ్డివాడి ముందు కూడా తల దించుకునే కూర్చుంటాను.

గిన్నె చూశాను. తెలిసే అబద్ధమాడాను. ఇన్నాళ్లకు రాశాను. ఊపిరి కాస్త లోపలికి పోతోంది.