అందుకునేవాళ్ళకు వదిలిన జాగా

మా మేనత్త పోయిందన్న కబురు నేను బడిలో ఉండగా వచ్చింది. మూడో తరగతి పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్నాను. మా బాపు గడప దగ్గర నిలబడి, తలకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకుని, "మీ అత్త లేదు బిడ్డా" అన్నాడు. పదిహేను రోజులుగా జ్వరంతో దవాఖానలో ఉంది. అది రానున్న కబురేనని నాకు తెలుసు. పిల్లలు నా మొహం చూసి ఎక్కం మధ్యలోనే ఆపేశారు.

వరంగల్లులో ఆమె మొహం ఎరగనివాళ్ళు చాలామందే ఉంటారు గాని, గొంతు విననివాళ్ళు తక్కువ. స్టేషను దగ్గరి చాయ్ హోటల్లో ఆమె పాట ప్లేటు పెట్టని రోజు లేదు. మా వైపు వరినాట్ల పాటను గ్రామఫోను ప్లేటు మీదికి ఎక్కించిన మొదటి ఆడమనిషి ఆమేనని, హనుమకొండలో ప్లేట్లు అమ్మే షావుకారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట ఆమె చెవిన వేస్తే మూతి తిప్పేది. "నేనేమన్న కొత్తగ పాడిన్నా? బురదల పాడేదే పెట్టె ముంగట పాడిన" అనేది.

నర్సంపేట దగ్గర మా ఊళ్ళో వరినాట్ల కూలీలకు ఆమె పెద్ద. నాటుపాట ఒక్కరు పాడేది కాదు. ఒకరు చరణం చెబుతారు, వెనక వంగి నాటేవాళ్ళంతా దాన్ని అందుకుంటారు. చెప్పేది ఎప్పుడూ మా అత్తే. పొద్దున మొదలుపెడితే అన్నం వేళ దాకా చరణాలు పుట్టుకొస్తూనే ఉండేవి. గట్టు మీద నిలబడి అజమాయిషీ చేసే పెద్దమనిషి మీసం కూడా పాటలోకి వచ్చేది. ఆయన వింటూనే ఉండేవాడు, ఏమీ అనలేకపోయేవాడు. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో నేను ఆమె వెనకే వంగి నాటేదాన్ని. నాటు వంకరగా వేసేదాన్ని గాని, అందుకోవడంలో మాత్రం అందరికన్నా నా గొంతే పైన ఉండేది. "నా ఎనుక నువ్వుంటే నాకు ఫికర్ లేదు బిడ్డా" అనేది.

ఈ అలవాటు ఆమెను ఆదివారం చర్చి ప్రార్థనలో కూడా వదల్లేదు. కీర్తనలో ఒక పంక్తి పాడి ఆగిపోయేది, మిగతావాళ్ళు అందుకోవాలి కదా అని. అయ్యగారు మొదట్లో కసురుకున్నారు. కొన్నాళ్ళకు గుడి మొత్తం అందుకోవడం నేర్చుకుంది. చివరికి అయ్యగారూ అందుకున్నారు.

ఒకరోజు రోడ్డు మీద బండిలో పోతూ షావుకారు ఆమె పాట విన్నాడు. ఆయన మాట మీదనే ప్లేట్ల కంపెనీవాళ్ళు హైదరాబాదుకు పిలిపించారు. మా బాపు డోర్నకల్‌లో రైల్వే పని చేసేవాడు. సెలవు పెట్టి తానే వెంట తీసుకుపోయాడు. అక్కడ కుర్చీ వేసి కూర్చోబెట్టారట. ఆమెకు గొంతు పెగల్లేదు. లేచి నిలబడ్డా రాలేదు. చివరికి కొంగు నడుముకు బిగించి, మడిలో వంగినట్టు వంగింది. అప్పుడు వచ్చింది పాట. మైకును దించి ముక్కాలిపీట మీద పెట్టుకోవలసి వచ్చింది వాళ్ళకు.

తీరా పాడేటప్పుడు ప్రతి చరణం తర్వాత ఆగింది. "ఎందుకు ఆగుతున్నావమ్మా, పాట అచ్చయ్యే మైనం పాడవుతోంది" అని కంపెనీ ఆయన మొత్తుకున్నాడు. "అందుకునేటోళ్ళకు జాగా ఇయ్యాలె గద" అంది మా అత్త. అక్కడ అందుకునేవాళ్ళెవరూ లేరని ఎంత చెప్పినా, మళ్ళీ పాడితే మళ్ళీ ఆగింది. ఆ ఖాళీల్లో హార్మోనియం వాయించి ఎలాగో ప్లేటు ముగించారు. ఇంటికొచ్చాక ఆమె అన్న మొదటి మాట, "ఈసారి నువ్వు రావాలె."

ఆ ఈసారి రెండేళ్ళకు వచ్చింది. అప్పటికి నాకు బడిలో పంతులమ్మ ఉద్యోగం. ప్లేట్లకు పాడే ఆడవాళ్ళ గురించి జనం ఏమనుకుంటారో నాకు తెలుసు. మా అత్త గురించీ అనుకున్నారు, ఆమె లెక్కచేయలేదు. నేను లెక్కచేశాను. బడిలో సెలవు ఇవ్వరని చెప్పాను. అబద్ధం. నేను అడగనే లేదు. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, "సరే బిడ్డా, నీ నౌకరి నీకుండాలె" అంది. ఆ చూపును ఈ రోజుకూ మరిచిపోలేకపోతున్నాను.

రెండో ప్లేటులో హార్మోనియం కూడా లేదు. ఆమే వద్దందట. "నడుము వంగె గాని నవ్వు వంగలేదు" అని పాడి ఆగుతుంది. ఏమీ వినపడదు, సూది గీరే చప్పుడు తప్ప. మళ్ళీ ఇంకో చరణం. "గట్ల ఉత్తగ ఆగినవేందత్తమ్మా" అని అడిగాను. "నా ఎనుక నువ్వున్నవనుకొని పాడిన" అంది మామూలుగా, చాటలో బియ్యం ఏరుకుంటూ. ఆ మాటతో నన్ను పొడవాలన్న ఉద్దేశం ఆమెకు లేదు. అందుకే ఇంకా లోపలికి దిగింది.

సమాధుల తోటలో ఆమెను దించిన మూడో రోజున ఊరి నుంచి ఎనిమిదిమంది ఆడవాళ్ళు ఎడ్లబండి కట్టుకుని వరంగల్లులో మా ఇంటికి వచ్చారు. అందరూ ఆమె వెనక నాట్లు వేసినవాళ్ళే. ఊళ్ళో గ్రామఫోను లేదు, చాయ్ హోటల్లోకి ఆడవాళ్ళు పోరు. తమ పెద్ద పాడిన ప్లేటును వాళ్ళలో ఒక్కరూ వినలేదు. ఇన్నేళ్ళలో మాలో ఎవరికీ వాళ్ళకు వినిపించాలన్న ఆలోచనే రాలేదు. బాపు షావుకారు దగ్గర మిషను అడిగి తెచ్చాడు. నేనే కీ ఇచ్చి రెండో ప్లేటు పెట్టాను.

మొదటి చరణం అయి పాట ఆగగానే ఎనిమిదిమందీ అందుకున్నారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. ఆ ఖాళీ వాళ్ళ గొంతులకు సరిగ్గా సరిపోయింది. మా బాపు ఏడుస్తూ లేచి బయటికి పోయాడు. నేను వాళ్ళతో కలవలేదు. కలిసే హక్కు పోగొట్టుకున్నానని అనిపించింది.

ప్లేటులో పట్టేది మూడు నిమిషాల పాట. మడిలో అది మొదలు కూడా కాదు. సూది మధ్యకు వచ్చి గీరుకుంటూ తిరుగుతోంది, వాళ్ళు ఇంకా చరణం కోసం చెవులొగ్గి కూర్చున్నారు.

అందరికన్నా పెద్దావిడ మిషను వైపు నుంచి నా వైపు తిరిగింది. "పెట్టెల ఒడిసినట్టుంది. ఇగ తర్వాతి చరణం నువ్వు జెప్పు బిడ్డా. నీకొచ్చు గద" అంది.

నాకు వచ్చు. ఆ చరణం ఒక్కటే కాదు, దాని తర్వాతవి ముప్పై వచ్చు. కొంగు నడుముకు బిగించి, మడిలో వంగినట్టు వంగి నోరు తెరిచాను. ఆ ఎనిమిదిమందీ అందుకోవడానికి ఊపిరి పట్టుకుని, నా నోటి వైపే చూస్తూ కూర్చున్నారు.