'ఇడి' అంటే పట్టుకో

మా మామ పోయారని మా ఆయన ఆస్పత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురంలో మా షెడ్డులో, ఒక టిప్పరు కింద ఉన్నాను. "నాయన పోయినాడు. వచ్చేయ్" అని పెట్టేశాడు. పైన డ్రైవరు బ్రేకు తొక్కి పట్టుకుని ఉన్నాడు. చక్రం దగ్గర వదులు చేసిన నట్టును బిగించి, డ్రైవరును కాలు తీయమని చెప్పి, అప్పుడు బయటికొచ్చి ఏడ్చాను. ఏడవడానికి ముందు నట్టు బిగించాలని నాకు నేర్పింది మామే.

పరామర్శకు వచ్చినవాళ్ళలో సగం మంది లారీ, బస్సు డ్రైవర్లు. అందరూ మా ఆయన్ను ఒకటే అడిగారు. "ఇంగ షెడ్డు మూసేస్తారా?" ఆయన పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగి, స్పానరు ఎటు తిప్పాలో కూడా తెలీదు. ఏడేళ్ళుగా ఆ షెడ్డులో ఆయిల్ మరకలు పూసుకుంటున్న నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నన్ను ఒక్కరూ అడగలేదు. ఒళ్ళు మండింది. మామ లేని షెడ్డుకు ఎవరైనా బండి తెస్తారా అన్న భయం కూడా లోపల లేకపోలేదు.

మాది బ్రేకుల పని. పెద్ద బండ్లలో గాలి, ఆయిల్ కలిసి పనిచేసే బ్రేకులుంటాయి. డ్రైవరు తొక్కితే ట్యాంకులోని గాలి ఒక పిస్టన్‌ను నెడుతుంది, ఆ పిస్టన్ ఆయిల్‌ను నెడుతుంది, ఆ ఆయిల్ వెళ్ళి చక్రాల దగ్గర బ్రేకు పట్టిస్తుంది. ఆయిల్ పైపులో కాస్త గాలి చేరినా చాలు, తొక్కిన బలమంతా ఆ గాలిని నొక్కడానికే పోతుంది. "ట్యాంకులో గాలి ఉండాల, ఆయిల్లో గాలి ఉండగూడదు. ఇంతేమ్మా మన పని" అనేవారు మామ. వినడానికి ఇంతే. చేస్తే నడుము విరుగుతుంది.

రబ్బరు వాషర్లను బ్రేకాయిల్‌తోనే కడగాలి, డీజిల్ తగిలితే ఉబ్బి పాడవుతాయి. డీజిల్‌లో ముంచిన వాషరు కనబడితే తిట్టకుండా కత్తెరతో రెండు ముక్కలు చేసి చెత్తలో వేసేవారు. మళ్ళీ వాడాలన్న ఆశ ఎవరికీ ఉండకూడదని. పని అయ్యాక ఇంజను ఆపించి, బ్రేకు తొక్కిపెట్టించి, గాలి మీటరు ఎదురుగా టీ గ్లాసుతో నిలబడేవారు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ముల్లు కిందికి జారితే, ఎక్కడో గాలి పోతోందని సబ్బు నీళ్ళు తెప్పించి ప్రతి జాయింటూ వెతికేవారు. గడియారం చూసుకోవచ్చు కదా అన్నానొకసారి. "గడియారం చూస్తాంటే ముల్లును ఎవరు చూస్తారు, మీ నాయనా?" అన్నారు.

నేను ఆ పనిలోకి దిగింది అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళి. ఆయిల్ పైపులోని గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన బ్రేకు తొక్కి పట్టాలి, ఒకరు కింద నట్టు వదులు చేసి గాలిని బయటికి పంపి మళ్ళీ బిగించాలి. బిగించేలోపు పైవాళ్ళు కాలు తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది. ఆరోజు తొక్కే మనిషి రాలేదు, బస్సు డ్రైవరు టీకి పోయాడు. మామ నన్ను ఒక స్కూలు బస్సు సీట్లో కూర్చోబెట్టి కిందికి దూరారు. నేను తొక్కాను. ఆయన "ఇడి" అన్నారు. నేను కాలు తీసేశాను. కింద బుడుక్కుమని చప్పుడైంది.

"ఏమ్మా, ఇడి అంటే ఎందుకు ఇడిస్తివి?"

"ఇడువుమంటివి గదా మామా, ఇడిస్తి."

మామది కర్ణాటక అంచున ఉన్న అగళి. కన్నడంలో 'హిడి' అంటే పట్టుకో. ఆయన నోట్లో 'హ' ఎప్పుడో జారిపోయింది. నాది ధర్మవరం. మాకు ఇడవడం అంటే వదిలేయడం. నాలుగు చక్రాలూ మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. తిరిగొచ్చిన బస్సు డ్రైవరు విసుక్కున్నాడు. "ఆడమనిషిని కూర్చోబెడ్తే ఇట్లే అవుతాది."

మామ నేలమీదే కూర్చుని మొహం తుడుచుకున్నారు. "తప్పు ఆయమ్మది కాదప్పా. నా నోటిది" అన్నారు.

ఆ పూట నుంచే ఆయన "పట్టు" అనడం మొదలుపెట్టారు. జీవితమంతా అన్న మాటను, కొత్తగా వచ్చిన కోడలి కోసం, ఆ వయసులో మార్చుకున్నారు. చాలా రోజులు "ఇ..." అని నోరు జారి, మింగేసి, "పట్టు" అనేవారు. నాకు పైన నవ్వు ఆగేది కాదు. నువ్వు నేర్చుకో అనడం ఎంతసేపు? ఆయన అలా అనలేదు. ఆ 'ఇ' మింగడం విన్నాకే ఈ పని నాది కూడా అనిపించింది. ఆయనంటే నాకెంత ఇష్టమో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మోకాళ్ళు సహకరించడం మానేసినప్పటి నుంచి ఆయన పైన తొక్కేవారు, నేను కింద ఉండేదాన్ని. మెచ్చుకోవడం ఆయనకు రాదు. ఒక్కసారి మాత్రం ఎవరితోనో "ఆయమ్మ చూసినాక నేను మళ్ళా చూడను" అనడం విన్నాను.

కర్మకాండ అయ్యాక షెడ్డు తెరిచాను. రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు పరిగి నుంచి పిల్లల్ని తెచ్చే స్కూలు బస్సు వచ్చింది. "బ్రేకు లేటుగా పడ్తాండాదక్కా. పెద్దాయన ల్యాకపాయ... నువ్వు చేస్తావా?" అన్నాడు డ్రైవరు.

"చేస్తా. ఎక్కి కూచో" అన్నాను.

వెనక చక్రం సిలిండర్లో వాషరు అరిగిపోయి ఉంది. మార్చాను, గాలి తీశాను. ఇంజను ఆపి తొక్కిపెట్టమంటే అతను మీటరు ముల్లునే గుచ్చి గుచ్చి చూశాడు. అది కదల్లేదు. ఖాళీ బస్సును ఇద్దరం పరిగి రోడ్డులో నడిపి చూశాం. "రేపు పిల్లోళ్ళు ఎక్కుతారక్కా" అన్నాడు దిగేటప్పుడు. "తెలుసు" అన్నాను. ఇంకోసారి కిందికి దూరి నట్లన్నీ చూసి వచ్చాను.

మరుసటి ఉదయం బస్సు నిండా పిల్లలతో వచ్చి, స్టాపు కాకపోయినా, సరిగ్గా మా షెడ్డు ముందు ఆగింది. లోపల పిల్లలంతా ముందుకు తూలి ఘొల్లున నవ్వారు. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "చూడక్కా, ఎట్ల నిల్చిందో!"

"పిల్లోళ్ళుండారు, మెల్లగ తొక్కప్పా!" అని కసిరాను.

అతను చెయ్యెత్తి కదిలాడు. మలుపు దగ్గర బస్సు వెనక బ్రేకు లైట్లు ఎర్రగా వెలిగాయి, బస్సు కుదుపు లేకుండా నెమ్మదించింది, లైట్లు ఆరాయి. నవ్వులు ఇంకా వినబడుతూనే ఉన్నాయి.