గూడబాతులు నిండుకున్న ఏడు

మా ఆవిడ చూపు ఇక నిలవదని ఏలూరు డాక్టరు చెప్పేశాడు. చూడవలసినవి ఏవైనా ఉంటే ఈ చలికాలంలోనే చూపించమన్నాడు. పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట. నేను తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాను. బడికి పోకుండా లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. డాక్టరు మాటల్లో కూడా ఎన్ని నెలలన్న లెక్క కోసమే వెతికాను. ఆయన చెప్పలేదు.

ఏం చూస్తావని అడిగితే ఆవిడ కాశీ అనలేదు. కొల్లేట్లో గూడబాతులు చూస్తానంది. పుట్టిల్లు మండవల్లి దగ్గర. చిన్నప్పుడు ఒక లంకలో తాటిచెట్ల నిండా ఆ తెల్లటి పెద్ద పిట్టలు గూళ్ళు కట్టుకుని ఉండగా చూసిందట.

పట్నంవాళ్ళను సరస్సంతా తిప్పి చూపించే పడవవాణ్ణి ఒకణ్ణి ఆ రోజుకు మాట్లాడుకున్నాం. మబ్బు పట్టి ఉంది. నీళ్ళకూ ఆకాశానికీ తేడా తెలియడం లేదు. అతను గెడ వేస్తూ ఏ లంక ఎవరిదో, ఎక్కడ నాచు పట్టుకుంటే పడవ కదలదో దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. అతను చూపించిన ప్రతిదానికీ ఆవిడ తల తిప్పుతోంది, కాని చూపించిన వైపుకి కాదు. చూపు అప్పటికే అంత తగ్గిపోయిందని నాకు ఆ పడవలోనే తెలిసింది.

ఆ లంక దగ్గరికి వచ్చేసరికి అతని మాటలు ఆగిపోయాయి. అంతకు ముందు నెల గాలివానకు తాటిచెట్లన్నీ తలలు విరిగి మొండిగా నిలబడి ఉన్నాయి. ఒక్క గూడు లేదు.

"ఉన్నాయా నాయనా?" అని మా ఆవిడ అడిగింది.

నీళ్ళ మీద ఉండగా 'లేవు' అనడం అశుభమని ఆ మాట అతను నోట రానివ్వడు. గెడ ఆపి, మెల్లగా, "నిండుకున్నాయమ్మగారూ" అన్నాడు.

ఇంట్లో ఉప్పో పప్పో అయిపోతే మనం అనే మాటే. ఆవిడ మొహం మాత్రం విచ్చుకుంది. చెట్ల నిండా ఉన్నాయనుకుంది కాబోలు అనుకున్నాను.

"ఏవండీ, ఎన్ని ఉంటాయి? మీరు చెబితే నమ్ముతాను."

తప్పు లెక్క చెప్పడం నాకు చేతకాదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. లెక్కపెట్టడానికి లేదన్నాను.

"పోన్లెండి, మీ లెక్కకు అందనివి కూడా ఉన్నాయన్నమాట."

పడవవాడు నవ్వబోయి మానేశాడు. ఆవిడ ఆ మొండి చెట్ల వైపు మొహం పెట్టి చాలాసేపు కూర్చుంది. గాలి తప్ప చప్పుడు లేదు. గూళ్ళలో పిల్లలు ఎంత గోల చేస్తాయో మా ఇద్దరిలో విని ఉన్నది ఆవిడే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

మర్నాడు పొద్దున నేను మిల్లుకు బయల్దేరుతుంటే ఆవిడ వంటింట్లో కుండలో చెయ్యి పెట్టి అడుగు తడుముతోంది.

"ఏవండీ, బియ్యం కూడా నిండుకున్నాయండీ. వచ్చేటప్పుడు పట్టుకురండి" అంది.

చెప్పులు వేసుకోబోతున్నవాణ్ణి గుమ్మంలోనే ఆగిపోయాను. తెస్తానన్నాను.