ఊరు కట్టిన రోజు జోగయ్య పరీక్ష

దయ్యాల ముచ్చట ఎవరైనా ఎత్తితే వట్టి మాటలని అక్కడి నుంచి లేచి వెళ్లే మనిషిని నేను. ఇంటర్‌తో ఆగిన చదువును మణుగూరులో గ్రంథాలయంలో కూర్చుని సొంతంగా సాగించాను. దూరవిద్యలో డిగ్రీ అయ్యాక ఎం.ఏ. రాజనీతిశాస్త్రంలో చేరాను. లైబ్రేరియన్ కంటే నాకే అల్మారాలు బాగా తెలుసని గొప్పగా ఉండేది.

జోగయ్య నాతోపాటే ఎం.ఏ. చదివేవాడు. టేకులపల్లి దాటాక అడవిలో వాళ్ల ఊరు. అది 2005 ప్రాంతం. అతనికి అంతర్జాతీయ సంబంధాల పేపర్ ఒక్కటే మిగిలింది, నేనూ అదే రాయాలి. అతని కోర్సు గడువు ఆ ఏడాదితో అయిపోతుంది. అప్పుడు రాయకపోతే అంతే.

కలిసి చదువుదామని రెండు రోజుల ముందే వాళ్లింటికి వెళ్లాను. పరీక్ష ఖమ్మంలో, మధ్యాహ్నం.

ముందురోజు సాయంత్రం ఊరి పెద్ద వచ్చాడు. ఊళ్లో జ్వరాలు ఎక్కువయ్యాయి, తెల్లారి ఊరు కడుతున్నారు. అంటే దారికి అడ్డంగా వేపమండలు గుచ్చిన గడ్డితాడు కడతారు. పొద్దుగూకే దాకా ఊరివాళ్లెవరూ దాటకూడదు.

"పోయేదుంటే ఇప్పుడే పోండ్రి," అన్నాడు.

వెళ్లిపోవాల్సింది. నేనే ఆపాను. సార్వభౌమాధికారం పాఠం ఇంకా సగం ఉంది.

"ఏంది, గడ్డితాడు పాస్‌పోర్ట్ అడుగుతదా?" అన్నాను. జోగయ్య నవ్వాడు. వాళ్లమ్మ నవ్వలేదు.

పొద్దున ఏడింటికి తాడు కింద నుంచి వంగి ఇద్దరం దాటాం. రోడ్డు మీదికి కిలోమీటరు, పొద్దున ఒక్కటే బస్సు. పది అడుగులు వేశాక జోగయ్య ఆగిపోయాడు.

"అన్నా, కాలు లేస్తలేదు."

"నకరాలు చెయ్యకు, బస్సు పోతది."

అతని ముఖంలోకి చూశాను. ఒళ్లంతా చెమట. చేతులు కదులుతున్నాయి, కాళ్లు కదలడం లేదు. భయానికి కాళ్లు చచ్చుబడతాయని చదివాను, ఇదీ అదే అనుకున్నాను. బక్కపలచటి మనిషి, ఎత్తుకుని పోదామని నడుం పట్టుకున్నాను. జానెడు కూడా లేవలేదు. మూడుసార్లు చూశాను. నా నడుం పట్టేసింది.

తాడు అవతల వాళ్లమ్మ ఏడుస్తోంది. "ఇటు తే కొడుకా, జల్దీ ఇటు తే!"

ఊరివైపు తిరిగి ఎత్తాను. చంటిపిల్లాడిలా లేచాడు. తాడు లోపల దించగానే తన కాళ్ల మీద తనే నిలబడ్డాడు.

బస్సు హారన్ వినిపించింది.

"నువ్వు పో అన్నా. ఒక్కడన్నా రాయాలె గద," అన్నాడు.

నేను పరుగెత్తాను.

ఆ పేపర్ రాశాను, పాసయ్యాను. జోగయ్య ఎం.ఏ. అక్కడితో ఆగిపోయింది. సాయంత్రమే బయలుదేరి ఉంటే ఇద్దరం రాసేవాళ్లం. ఆ మాట అతను ఎన్నడూ అనలేదు. ఇప్పుడు పొలం చేసుకుంటున్నాడు. కలిస్తే నా పిల్లల చదువులు అడుగుతాడు.

అతని కాళ్లకు భయమే కారణమని ఇప్పటికీ అంటాను. కానీ ఆ పొద్దున భయపడింది అతను. అటు లేవని బరువు, ఇటు లేచిన తేలిక తెలిసింది నా చేతులకు. అదెట్లా జరిగిందో నేను చెప్పలేను.